ఓడినవాళ్లకు కుర్చీ ఇచ్చారు, తాళంచెవి ఇవ్వలేదు: మండేలా తొలి మంత్రివర్గం లెక్క

సంకీర్ణం అంటే మనకు ఒకటే లెక్క తెలుసు. ఎవరికీ మెజారిటీ రాదు. నలుగురైదుగురు కలుస్తారు. శాఖల కోసం పట్టుబడతారు, అలుగుతారు, బుజ్జగింపులు నడుస్తాయి. చివరికి ఒకరు మద్దతు ఉపసంహరించుకుంటారు, ప్రభుత్వం పడిపోతుంది. 1989లో ఎన్టీఆర్ ఛైర్మన్‌గా ఉన్న నేషనల్ ఫ్రంట్ నాటి నుంచి తెలుగు పాఠకులు ఈ ఆట చూస్తూనే ఉన్నారు. ఆ అలవాటుతో 1994 మే నెలలో దక్షిణాఫ్రికాలో ఏర్పడిన మంత్రివర్గాన్ని చూస్తే మాత్రం ఒక్క ముక్కా అర్థం కాదు.

ఎందుకంటే అక్కడ మెజారిటీ వచ్చింది, అదీ బ్రహ్మాండంగా. 400 సీట్ల నేషనల్ అసెంబ్లీలో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌కు, అంటే ఏఎన్‌సీకి, 252 దక్కాయి. ఎవరి మద్దతూ అక్కర్లేదు. అయినా నెల్సన్ మండేలా కేబినెట్లో 27 మంది మంత్రులుంటే అందులో 9 మంది వేరే పార్టీలవాళ్లు. ఇద్దరు ఉపాధ్యక్షుల్లో ఒకరు ఎఫ్.డబ్ల్యూ. డి క్లెర్క్. నిన్నటిదాకా దేశాధ్యక్షుడు, జాతివివక్ష పాలన నడిపి మండేలాను 27 ఏళ్లు చెరలో ఉంచిన నేషనల్ పార్టీకి నాయకుడు. హోం మంత్రి జులూల పార్టీ అయిన ఇంకాథా ఫ్రీడమ్ పార్టీ అధినేత మంగోసుతు బుథెలేజీ. ఆయన అనుచరులూ ఏఎన్‌సీ అనుచరులూ నాటాల్ పల్లెల్లో, జోహన్నెస్‌బర్గ్ చుట్టుపక్కల కార్మికవాడల్లో ఏళ్ల తరబడి ఒకరినొకరు చంపుకున్నారు. చచ్చినవాళ్ల లెక్క వేలల్లో ఉంది.

దీన్ని మండేలా పెద్దమనసుగా చెప్పుకోవడం పరిపాటి. ఆయన మనసు పెద్దదే, అందులో అనుమానం లేదు. కానీ ఈ మంత్రివర్గం ఆ మనసులోంచి పుట్టలేదు. ఎన్నికలకు ముందు చర్చల్లో రాసుకున్న తాత్కాలిక రాజ్యాంగంలోని 84, 88, 89 సెక్షన్లలోంచి పుట్టింది. ఆ ప్రత్యర్థులను కేబినెట్లోకి తీసుకోకపోతే మండేలా రాజ్యాంగాన్ని ఉల్లంఘించినవాడయ్యేవారు. అలాంటి నిబంధన ఎందుకు రాశారు, ఎలా రాశారు, అది అసలు ఎంతవరకు పనిచేసింది అన్నదే ఇక్కడ విప్పి చూడాల్సిన చిక్కుముడి.

కమ్యూనిస్టు ఇచ్చిన రాయితీ

చర్చల చరిత్ర మొత్తం తవ్వితే పుస్తకమవుతుంది, నాలుగు ముక్కల్లో సరిపెడతాను. 1990 ఫిబ్రవరిలో మండేలా విడుదలయ్యారు. 1991 డిసెంబరులో కొడెసా పేరుతో అఖిలపక్ష చర్చలు మొదలయ్యాయి. 1992 మేలో అవి పీటముడి పడ్డాయి. జూన్‌లో బోయిపటాంగ్ అనే నల్లజాతి కార్మికవాడలో ఊచకోత, సెప్టెంబరులో బిషో పట్టణంలో ఏఎన్‌సీ ఊరేగింపు మీద కాల్పులు. అదే సెప్టెంబరు 26న రెండు పక్షాలూ మళ్లీ కూర్చుని ఒక అవగాహన పత్రం మీద సంతకాలు చేశాయి. దాని వెనుక నెలల తరబడి మాట్లాడుకున్నవాళ్లు ఏఎన్‌సీ తరఫున సిరిల్ రామఫోసా, ప్రభుత్వం తరఫున రోల్ఫ్ మేయర్.

నేషనల్ పార్టీ మొదట కోరింది చాలా పెద్దది. అధ్యక్ష పదవిలో ఒక్కరు కాకుండా ప్రధాన పార్టీల నాయకులంతా కూర్చోవాలి, నిర్ణయాలు అందరి ఒప్పుదలతోనే జరగాలి, ఈ ఏర్పాటు శాశ్వతంగా రాజ్యాంగంలో ఉండాలి. అంటే ఎన్నికల్లో ఓడినా చెయ్యి అడ్డుపెట్టే హక్కు తమ దగ్గరే ఉండాలన్నమాట. ఏఎన్‌సీ వాదన దీనికి పూర్తిగా ఎదురు: గెలిచినవాడు పాలిస్తాడు, ప్రజాస్వామ్యమంటే అదే.

దారి చూపింది ఎవరూ ఊహించని మనిషి. జో స్లోవో. దక్షిణాఫ్రికా కమ్యూనిస్టు పార్టీ అగ్రనేత, ఏఎన్‌సీ సాయుధ విభాగం నడిపినవాడు. శ్వేతజాతి పత్రికలు ఆయన్ను రాక్షసుడిగా చిత్రించేవి. ఆయన భార్య రూత్ ఫస్ట్‌ను 1982లో మొజాంబిక్ రాజధాని మపుటోలో పార్సిల్ బాంబు పంపి చంపారు. అలాంటి మనిషి 1992లో తన పార్టీ సైద్ధాంతిక పత్రికలో ఒక వ్యాసం రాసి, కొన్నేళ్లపాటు అధికారాన్ని తప్పనిసరిగా పంచుకుందాం, పాత ప్రభుత్వోద్యోగుల కొలువులకూ పింఛన్లకూ హామీ ఇద్దాం అన్నారు. వాటికి సూర్యాస్తమయ నిబంధనలు అనే పేరు స్థిరపడింది. పొద్దు వాలేదాకా ఉంటాయి, ఆ తర్వాత వాటంతట అవే పోతాయి.

స్లోవో వాదన కరుణ గురించి కాదు, బలాబలాల గురించి. మనం యుద్ధంలో ఓడించిన శత్రువుతో మాట్లాడటం లేదు, కాబట్టి యుద్ధంలో గెలుచుకోనిది బల్ల దగ్గర మొత్తంగా రాదు అన్నది ఆయన లెక్క. సైన్యం, పోలీసు, సచివాలయం అన్నీ పాతవాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. వాళ్లకు నెల జీతం పోతుందన్న భయం పట్టుకుంటే కొత్త ప్రభుత్వాన్ని లోపలి నుంచే తొలిచేస్తారు. ఇదే మాట ఒక మితవాది అని ఉంటే కార్యకర్తలు అమ్ముడుపోయాడని తిట్టేవారు. స్లోవోను అలా అనడం ఎవరికీ చేతకాలేదు. సొంత శిబిరంలో గొడవ జరిగింది గానీ, 1992 నవంబరులో ఏఎన్‌సీ జాతీయ కార్యవర్గం ఈ దారికి ఒప్పుకుంది.

భాగహారంతో మంత్రివర్గం

ఇక నిబంధనల సంగతి. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, కాస్త ఓపిక పట్టండి.

నేషనల్ అసెంబ్లీలో కనీసం 20 సీట్లు, అంటే 5 శాతం గెలిచిన ఏ పార్టీకైనా, అది కావాలనుకుంటే, కేబినెట్లో తన సీట్ల దామాషాలో మంత్రి పదవులు దక్కుతాయి. 80 సీట్లు, అంటే 20 శాతం దాటితే ఒక ఉపాధ్యక్ష పదవి కూడా. మంత్రుల సంఖ్య 27కు మించకూడదు.

1994 ఏప్రిల్ 26 నుంచి 29 వరకు పోలింగ్ జరిగింది. ఏఎన్‌సీకి 252, నేషనల్ పార్టీకి 82, ఇంకాథాకు 43. మిగిలిన నాలుగు చిన్న పార్టీలు 20 గీత దాటలేదు. కాబట్టి కేబినెట్లో భాగం ఉన్నవి మూడే, వాటి మొత్తం సీట్లు 377.

ఇప్పుడు ఒక్కో మంత్రి పదవికి ఎన్ని సీట్ల ధర? 377ను 27తో కాకుండా, 27కు ఒకటి కలిపి 28తో భాగించాలని రాజ్యాంగం చెప్పింది. రెండు దశాంశాల తర్వాతివి వదిలేస్తే 13.46. రాజ్యసభ ఎన్నికల్లో గెలవడానికి కావలసిన కోటా లెక్కించేటప్పుడు ఖాళీల సంఖ్యకు ఒకటి కలుపుతారు చూశారా, ఇది అదే కుటుంబానికి చెందిన లెక్క. ఇక 252ను 13.46తో భాగిస్తే 18.72, పూర్ణాంకం 18. నేషనల్ పార్టీకి 6.09, అంటే 6. ఇంకాథాకు 3.19, అంటే 3. మొత్తం కూడితే సరిగ్గా 27. శేషాల గొడవే రాలేదు.

మన దగ్గర ఇదే పని ఎలా జరుగుతుందో గుర్తు చేసుకోండి. హోటల్ గదుల్లో, రాత్రి రెండు దాకా, ఫలానా శాఖ ఇవ్వకపోతే రేపు ప్రమాణ స్వీకారానికి రామంటూ. అక్కడ ఎన్ని పదవులన్న ప్రశ్నను బేరంలోంచి పూర్తిగా తీసి, చేతిలో క్యాలిక్యులేటర్ ఉన్న గుమాస్తాకు అప్పగించారు.

నేషనల్ పార్టీకి 82 వచ్చాయి, 80 గీతకు రెండే ఎక్కువ, అందుకే డి క్లెర్క్ చావు తప్పి ఉపాధ్యక్షుడయ్యారని కొందరు ఉత్కంఠగా చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ నిజం కాదు. ఒక్క పార్టీయే 80 దాటితే, లేదా ఎవరూ దాటకపోతే, మొదటి రెండు స్థానాల్లో ఉన్న పార్టీలకు చెరొకటి ఇవ్వాలని అదే సెక్షన్‌లో ఉంది. 78 వచ్చినా ఆయన ఉపాధ్యక్షుడే. ఏఎన్‌సీ తరఫున ఉపాధ్యక్షుడు థాబో ఎంబెకీ.

ఈ 82 సీట్ల వెనుక ఉన్నవి తెల్లవాళ్ల ఓట్లు మాత్రమే కాదన్నది మరిచిపోకూడదు. వెస్టర్న్ కేప్‌లో మిశ్రమ జాతి ప్రజలు పెద్ద ఎత్తున నేషనల్ పార్టీకి వేసి ఆ రాష్ట్రాన్నే దానికి కట్టబెట్టారు. డర్బన్ పరిసరాల్లోని భారతీయుల్లోనూ చాలామంది అటే మొగ్గారు. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా చెరకు తోటలకు వెళ్లిన కూలీల మునిమనవల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. కొత్త ప్రభుత్వంలో తమ గతి ఏమవుతుందోనన్న బెంగ వాళ్లకీ ఉండేది. మైనారిటీ భయం అంటే ఒక్క తెల్లవాడి భయమే కాదని ఆ ఎన్నిక చూపించింది. ఆ కాలంలో రాసిన రాజ్యాంగంలో, గౌరవించి ప్రోత్సహించాల్సిన భాషల జాబితాలో గుజరాతీ, హిందీ, తమిళం, ఉర్దూలతో పాటు తెలుగు పేరు కూడా ఉంది. చాలామంది మనవాళ్లకు ఈ సంగతి తెలియదు.

రెండు చిన్న మాటల మధ్య దూరం

ఎన్ని పదవులన్నది తేలింది. ఏ శాఖ? ఎవరికి? ఇక్కడే రాజ్యాంగం రాసినవాళ్ల చాకచక్యం కనబడుతుంది.

ఏ శాఖ ఏ పార్టీకన్నది అధ్యక్షుడు ఉపాధ్యక్షులనూ పార్టీ నాయకులనూ సంప్రదించాక నిర్ణయిస్తాడు. ఏకాభిప్రాయం కోసం అందరూ ప్రయత్నించాలి. కుదరకపోతే అధ్యక్షుడి మాటే చెల్లుతుంది. ఆ శాఖలో కూర్చునే మనిషి ఎవరన్న దగ్గర మాత్రం, వేరే పార్టీకి చెందినవాడైతే, ఆ పార్టీ నాయకుడి మాట చెల్లుతుంది. అంటే నీకు వ్యవసాయం ఇవ్వాలో ఆర్థికం ఇవ్వాలో నేను చెబుతాను, అందులోకి నీ తమ్ముణ్ణి పంపుతావో నీ మేనల్లుణ్ణి పంపుతావో నీ ఇష్టం. ఉమ్మడి ఆస్తి పంపకంలో పెద్దలు చేసే పనిలాంటిదే.

“సంప్రదించాక” అన్న మాటను కూడా గాలికి వదల్లేదు. ఆ రాజ్యాంగం రెండు మాటలను విడిగా నిర్వచించింది. ఒకరితో “సంప్రదింపులో” చేయాలని ఉంటే వాళ్లు ఒప్పుకొని తీరాలి. “సంప్రదించాక” అని ఉంటే వాళ్లు చెప్పింది చిత్తశుద్ధితో విని, గట్టిగా ఆలోచిస్తే చాలు, ఒప్పుకోనక్కర్లేదు. యాదృచ్ఛికమే అనుకోండి, అదే 1993లో మన సుప్రీంకోర్టు న్యాయమూర్తుల నియామకాల కేసులో సంప్రదింపు అన్న ఒక్క మాటకు అర్థం ఏమిటని తొమ్మిది మంది జడ్జీలను కూర్చోబెట్టి తేల్చాల్సి వచ్చింది. దక్షిణాఫ్రికావాళ్లు ఆ తలనొప్పిని ముందే ఊహించి నిర్వచనాల్లో పెట్టేశారు. కేబినెట్ విషయంలో వాడింది రెండో మాట, బలహీనమైన మాట.

అన్నిటికంటే పెద్ద తగవు నిర్ణయాలు ఎలా తీసుకోవాలన్నది. నేషనల్ పార్టీ కేబినెట్లో కీలక విషయాలకు మూడింట రెండొంతుల మెజారిటీ కావాలని పట్టుబట్టింది. చర్చలు ముగిసే రాత్రి, 1993 నవంబరు 17 రాత్రి దాకా ఇది తేలలేదు. చివరికి రాసుకున్నది ఒక్క వాక్యం. జాతీయ ఐక్యతా ప్రభుత్వం అన్న భావన వెనుక ఉన్న ఏకాభిప్రాయ స్ఫూర్తినీ, సమర్థంగా పాలించాల్సిన అవసరాన్నీ రెండింటినీ దృష్టిలో పెట్టుకుని కేబినెట్ పనిచేయాలి. అంతే. శాతాలు లేవు, వీటో లేదు.

ఈ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివినా నాకు ముచ్చటేస్తుంది. ముందు సగం డి క్లెర్క్ తన పార్టీకి చూపించుకోవడానికి, వెనక సగం మండేలా తనవాళ్లకు చూపించుకోవడానికి. స్ఫూర్తిని దృష్టిలో పెట్టుకున్నామా లేదా అని ఏ కోర్టు కొలుస్తుంది? డి క్లెర్క్ సొంత పార్టీలో కొందరు ఆ రోజే పసిగట్టారు, మనం అన్నీ ఇచ్చేసి వచ్చామని. వాళ్లన్నది సబబే. ఓడినవాడికి కుర్చీ దక్కింది, గదికి తాళం వేసే హక్కు దక్కలేదు.

ఎవరికి ఏం దక్కింది

శాఖల జాబితా చదివితే ఏఎన్‌సీ ఏది వదులుకుందో, ఏది ఎవరు అడిగినా వదల్లేదో తెలుస్తుంది. రక్షణ జో మోడిసేకు, పోలీసు వ్యవహారాలు సిడ్నీ ముఫమాదికి, న్యాయశాఖ డుల్లా ఒమర్‌కు, విదేశాంగం ఆల్‌ఫ్రెడ్ ఎన్‌జోకు. తుపాకీ, లాఠీ, కోర్టు ఏవీ బయటికి పోలేదు. నేషనల్ పార్టీకి ఆర్థికం, ఖనిజాలు-ఇంధనం, వ్యవసాయం, పర్యావరణం, సంక్షేమం, రాష్ట్రాల వ్యవహారాలు దక్కాయి. బుథెలేజీకి హోం శాఖ అంటే మనవాళ్లు ఉలిక్కిపడతారు, అమిత్ షా కుర్చీయే గుర్తొస్తుంది కాబట్టి. అక్కడి హోం శాఖలో పోలీసు ఉండదు. గుర్తింపు కార్డులు, పాస్‌పోర్టులు, వలసలు దాని పని. పేరులో ఘనత, చేతిలో రబ్బరు స్టాంపు.

పేర్ల గురించి ఇంకో మాట. ఈ కేబినెట్లో భారత సంతతివాళ్లు ఒమర్‌తో పాటు కాదర్ అస్మల్, మాక్ మహరాజ్, జే నాయుడూ. నాయుడూ అన్న ఇంటిపేరు చూడగానే మనవాడే అని వాట్సాప్‌లో తిప్పేయకండి. డర్బన్‌లో ఆ పేరు తెలుగు కుటుంబాల్లోనూ ఉంది, తమిళ కుటుంబాల్లోనూ ఉంది. ఐదో మనిషి కూడా ఉండాల్సింది. 26 ఏళ్లు జైల్లో ఉన్న అహ్మద్ కథ్రాడాకు మొదట జైళ్ల శాఖే అనుకున్నారు. ఇంతలో ఇంకాథాకు ఇంకో శాఖ సర్దాల్సి వచ్చింది. కథ్రాడా తప్పుకున్నారు, జైళ్లు ఇంకాథాకు వెళ్లాయి. దామాషా లెక్క కాగితం మీద ఎంత చల్లగా ఉన్నా, దాన్ని అమలుచేసేటప్పుడు ఒక మనిషి ఎక్కడో లేచి నిలబడి తన కుర్చీ ఇవ్వాల్సిందే.

ఆర్థిక శాఖ ముచ్చట వేరు. ప్రత్యర్థి చేతికి ఖజానా ఇస్తే ఏమవుతుందో మనకు అనుభవం ఉంది. 1946లో మన తాత్కాలిక ప్రభుత్వంలో కాంగ్రెస్ హోం శాఖను పటేల్ దగ్గరే ఉంచుకుని, ముస్లిం లీగ్ నాయకుడు లియాకత్ అలీ ఖాన్‌కు ఆర్థికం ఇచ్చింది. ఆ తర్వాత ఏ మంత్రి ఏ పైసా ఖర్చు పెట్టాలన్నా లీగ్ గడప తొక్కాల్సి వచ్చింది, కేబినెట్ రెండు శిబిరాలుగా గడ్డకట్టింది. మరి దక్షిణాఫ్రికా ప్రభుత్వం నడిచే ప్రిటోరియాలో అలా ఎందుకు జరగలేదు? నా లెక్కలో కారణాలు రెండు. మంత్రి డెరెక్ కీస్ పార్టీ రాజకీయాల్లో పెరిగినవాడు కాదు, గనుల వ్యాపారంలోంచి వచ్చి డి క్లెర్క్ ప్రభుత్వంలోనే ఆర్థిక మంత్రి అయినవాడు. ఆయన కొనసాగడం ఏఎన్‌సీకే అవసరం, విదేశీ పెట్టుబడిదారులు బెదరకుండా ఉండటానికి. రెండోది, ఇంకా ముఖ్యమైనది: లీగ్ వేరే దేశం కోరుతూ వచ్చి కేబినెట్లో కూర్చుంది, నేషనల్ పార్టీకి వెళ్లడానికి వేరే దేశం లేదు. కీస్ కొద్ది నెలలకే తప్పుకున్నారు. ఆయన స్థానంలోకి మళ్లీ పార్టీలకు అతీతుడని చెప్పి క్రిస్ లీబెన్‌బర్గ్ అనే బ్యాంకరును తెచ్చారు. ఏఎన్‌సీ మనిషి ట్రెవర్ మాన్యుయెల్ ఆ కుర్చీలో కూర్చోవడానికి 1996 ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది. సొంత మెజారిటీ ఉన్న పార్టీ ఖజానా తాళాలు పట్టుకోవడానికి రెండేళ్లు పట్టిందన్నమాట.

రెండు పడవల మీద ఉపాధ్యక్షుడు

కేబినెట్ సమావేశాలకు ఇద్దరు ఉపాధ్యక్షులూ వంతులవారీగా అధ్యక్షత వహించాలని కూడా రాజ్యాంగంలో ఉంది. అలా డి క్లెర్క్ బల్ల కొసన కూర్చుని, తన పార్టీ 30 ఏళ్లు నిషేధించిన మనుషులతో సమావేశాలు నడిపారు. పొద్దున్న అక్కడ కలిసి తీసుకున్న నిర్ణయాన్ని సాయంత్రం పార్టీ సభలో విమర్శించాలి. విమర్శించకపోతే ఓటరు నిన్నెందుకు పంపామంటాడు, విమర్శిస్తే మండేలా నిన్న ఒప్పుకుని ఇవాళ ఇదేమిటంటారు.

ఇది 1995 జనవరిలో బద్దలైంది. ఎన్నికలకు సరిగ్గా ముందు, పాత చట్టం కింద ఇద్దరు మాజీ మంత్రులూ, దాదాపు 3,500 మంది పోలీసులూ నేరాలకు శిక్ష పడకుండా రక్షణ కోసం దరఖాస్తులు పెట్టుకున్నారన్న విషయం అప్పుడే బయటపడింది. జనవరి 18న కేబినెట్ సమావేశంలో మండేలా డి క్లెర్క్‌ను అందరి ముందూ కడిగేశారు. ఆయన బయటికి వెళ్లిపోతానన్నారు. రెండు రోజులకు ఇద్దరూ పత్రికల ముందు కలిసి నిలబడి, సర్దుకున్నామని చెప్పారు. సర్దుకున్నది పైపైనే. గదిలో 27 మంది మంత్రులున్నప్పుడు 18 మంది ఎవరివాళ్లో అందరికీ తెలుసు. ఓటింగు పెట్టనక్కర్లేదు, తలలు లెక్కపెట్టనక్కర్లేదు.

ఈ ఏర్పాటుకు ఇంకో ధర ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడతారు. మూడు పెద్ద పార్టీలూ ప్రభుత్వంలో కూర్చున్నాక ప్రతిపక్షంలో మిగిలిందెవరు? ఫ్రీడమ్ ఫ్రంట్ 9, డెమొక్రటిక్ పార్టీ 7, పాన్ ఆఫ్రికనిస్ట్ కాంగ్రెస్ 5, ఆఫ్రికన్ క్రిస్టియన్ డెమొక్రాట్లు 2. మొత్తం 23 మంది, 400 మంది సభలో. కొత్తగా పుట్టిన ప్రజాస్వామ్యంలో మంత్రిని నిలదీసే బాధ్యత ఆ గుప్పెడు మంది మీద పడింది. ఆ ఏడుగురి డెమొక్రటిక్ పార్టీ 1999 కల్లా 38 సీట్లతో అధికారిక ప్రతిపక్షం కావడం యాదృచ్ఛికం కాదు. ఖాళీగా ఉన్న చోటు వాళ్లకే దొరికింది.

మరి లాభం? అది చూడాలంటే పార్లమెంటు ఉండే కేప్‌టౌన్ వదిలి క్వాజులు-నాటాల్ వెళ్లాలి. రాష్ట్రాల్లోనూ ఇదే సూత్రం, అక్కడ గీత 10 శాతం. ఆ రాష్ట్రంలో ఇంకాథా గెలిచింది. ఇంకాథా ఎన్నికల్లోకి రావడానికి ఒప్పుకున్నదే పోలింగుకు వారం ముందు. అప్పటికే అచ్చయిన బ్యాలెట్ల అడుగున ఆ పార్టీ పేరుతో స్టిక్కర్లు అంటించారు. గెలిచిన ఇంకాథా ప్రభుత్వంలో సూత్రం ప్రకారం ఏఎన్‌సీవాళ్లు మంత్రులయ్యారు. ఆర్థిక వ్యవహారాలూ పర్యాటకమూ చూసిన ఏఎన్‌సీ మంత్రి పేరు జేకబ్ జుమా, తర్వాత దేశాధ్యక్షుడైన మనిషే. చంపుకున్న రెండు పక్షాలూ రోడ్ల టెండర్ల గురించీ ఆస్పత్రుల గురించీ ఒకే బల్ల దగ్గర దెబ్బలాడుకున్నాయి. అక్కడ హత్యలు ఒక్కరోజులో ఆగలేదు గానీ తగ్గుతూ వచ్చాయి. నన్నడిగితే ఈ మొత్తం ఏర్పాటుకు అసలు ఫలితం ప్రిటోరియాలో కాదు, ఇక్కడే.

ఇంకాథా వైఖరిలో ఇంకో వింత. 1995లో ఆ పార్టీ కొత్త రాజ్యాంగం రాసే సభను బహిష్కరించింది, అంతర్జాతీయ మధ్యవర్తిత్వం హామీ నిలబెట్టుకోలేదని. కానీ కేబినెట్లోంచి లేవలేదు. రాజ్యాంగం రాయనంటాను, మంత్రి కారు దిగనంటాను. నవ్వొస్తుంది గానీ, అదే వాళ్లను వ్యవస్థకు కట్టి ఉంచిన తాడు.

డి క్లెర్క్ లేచి వెళ్లిన రోజు

1996 మే 8న కొత్త రాజ్యాంగానికి 421 మంది అనుకూలంగా, ఇద్దరు వ్యతిరేకంగా ఓటేశారు. పదిమంది తటస్థంగా ఉన్నారు. నేషనల్ పార్టీ అనుకూలంగానే వేసింది. మర్నాడే, మే 9న, ప్రభుత్వంలోంచి తప్పుకుంటున్నట్లు డి క్లెర్క్ ప్రకటించారు. జూన్ 30 నుంచి అమలు.

కారణం ఆయనే చెప్పారు. 1999 తర్వాత కలిసి నిర్ణయాలు తీసుకునే పద్ధతి ఏదీ కొత్త రాజ్యాంగంలో లేదు, దేశానికి బలమైన ప్రతిపక్షం కావాలి. చెప్పని కారణం, లోపల ఉంటే పార్టీ కరిగిపోతోంది. నిబంధనల ప్రకారం 1999 ఎన్నికల దాకా ఉండే హక్కు వాళ్లకుంది. మూడేళ్లు ముందే వదులుకున్నారు. పిక్ బోథా వంటి పాత మంత్రులకు అది నచ్చలేదు.

అప్పుడు జరిగింది చూడండి. ఏమీ జరగలేదు. ఉపాధ్యక్షుడు, మంత్రులు ఒక్కసారి లేచి వెళ్లిపోయినా ప్రభుత్వం పడలేదు, విశ్వాస తీర్మానం రాలేదు, ఖాళీలు నిండాయి, ఎంబెకీ ఒక్కరే ఉపాధ్యక్షుడిగా మిగిలారు. మన సంకీర్ణంలో ఉపసంహరణ అంటే గొంతు మీద కత్తి. ఇక్కడ అది కేవలం వెళ్లినవాడికే నష్టం. బయటికి వెళ్లి పార్టీ బలపడుతుందని లెక్కవేశారు, 1999లో 28 సీట్లకు, 2004లో ఏడుకు పడిపోయింది. ఆఖరి నాయకుడు మార్టినస్ వాన్ షాల్క్‌వైక్ 2004లో ఏఎన్‌సీ ప్రభుత్వంలో పర్యావరణ, పర్యాటక మంత్రి అయ్యారు, అదే ఏడాది ఏఎన్‌సీలో చేరారు. నేషనల్ పార్టీకి 1994లో భాగహారం ఇచ్చిన శాఖే అది, ఈసారి ఏఎన్‌సీ దయతో.

ఉండిపోయిన ఇంకాథాకు దక్కింది వేరు. అధ్యక్షుడూ ఉపాధ్యక్షుడూ విదేశాల్లో ఉన్నప్పుడల్లా బుథెలేజీ తాత్కాలిక దేశాధ్యక్షుడిగా కూర్చునేవారు. 1998 సెప్టెంబరులో పొరుగుదేశం లెసోతోలోకి దక్షిణాఫ్రికా సైన్యం వెళ్లినప్పుడు ఆ కుర్చీలో ఉన్నది ఆయనే. నాలుగేళ్ల కింద ఎన్నికలనే ఒప్పుకోనన్న మనిషి.

2024లో అదే పేరు, వేరే లెక్క

2024 ఎన్నికల్లో ఏఎన్‌సీ 159 సీట్లకు పడిపోయింది. 87 సీట్లున్న డెమొక్రటిక్ అలయన్స్‌నూ (నాటి డెమొక్రటిక్ పార్టీ వారసురాలు), ఇంకాథానూ, మరికొన్నిటినీ కలుపుకుని అధ్యక్షుడిగా రామఫోసా ఏర్పాటు చేసిన ప్రభుత్వానికీ జాతీయ ఐక్యతా ప్రభుత్వం అనే పేరే పెట్టారు. 1994 నాటి తీపి గుర్తును కప్పుకోవడానికే ఆ పేరని నా అనుమానం. లోపల సరుకు మాత్రం మనకు బాగా తెలిసినదే. 20 సీట్ల గీత లేదు, 28తో భాగహారం లేదు, శాఖలన్నీ వారాల తరబడి బేరంలో తేలాయి. 32 మంది మంత్రుల్లో డెమొక్రటిక్ అలయన్స్‌కు ఆరుగురు. 1994లో నేషనల్ పార్టీకి ఎందరో అందరే.

తేడా 2025 ఏప్రిల్ 2న కనబడింది. వ్యాట్ పెంచే బడ్జెట్ చట్రానికి వ్యతిరేకంగా, మంత్రి పదవుల్లో ఉంటూనే, ఆ పార్టీ పార్లమెంటులో ఓటేసింది. చట్రం 194-182తో గట్టెక్కింది గానీ నెల తిరక్కుండానే వ్యాట్ పెంపును వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. డి క్లెర్క్‌కు రాజ్యాంగం రాసిచ్చిన కుర్చీ ఉన్నా, మండేలా ప్రభుత్వం మెడ వంచగల సీట్లు ఏనాడూ లేవు.